పలక కట్టని వీధి

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండ భూపతి అనే రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకు ఒకటే జబ్బు. తను ఏమన్నా ఊరంతా ఔననాలి. ఔనంటే చాలదు, అది కంటికి కనబడాలి కూడా.

ఆ రాజ్యానికి సరిహద్దు ఒక ఏరు. ఏటి నడుమ వరద మేట వేసి చిన్న లంక ఒకటి తేలింది. రెల్లుగడ్డి తప్ప అందులో ఏమీ లేదు. అయినా అది మాదంటే మాదని ఇటు ఉద్దండ భూపతి, అటు ఆవలి ఒడ్డు రాజు పంతానికి పోయారు. "యుద్ధమే" అన్నారు మన రాజుగారు. అని ఊరుకోక, నగరంలో ప్రతి వర్తక సంఘమూ "లంక మనదే" అని చెక్క పలక రాయించి అంగళ్ళ ముందు వేలాడదీయాలని చాటింపు వేయించారు.

సాయంత్రానికి అంగడివీధి పలకలతో నిండిపోయింది. గానుగ సంఘం కట్టింది, తమలపాకుల సంఘం కట్టింది. అత్తరు సంఘమైతే పలకకు అత్తరు కూడా పూసింది. కంచరివీధిలో మాత్రం ఒక్క పలకా లేదు.

కంచరి సంఘానికి పెద్ద కొమ్మసానమ్మ. ఆ సంఘంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. గిన్నె గానీ గంట గానీ తయారయ్యాక సంఘం పెద్ద దాన్ని స్వయంగా మోగించి వినాలి. నాదం నిలిస్తేనే సంఘం ముద్ర పడుతుంది. లేకపోతే మళ్ళీ కొలిమిలోకే. అందుకే ఆ ముద్ర ఉన్న కంచును ఏటికి రెండు ఒడ్డులవాళ్ళూ కళ్ళు మూసుకుని కొనేవారు.

"మా సంఘం ఏ పలకా కట్టదు, మన్నించాలి" అని కొమ్మసానమ్మ కబురు పంపింది.

రాజుగారికి ఒళ్ళు మండింది. "రేపు మధ్యాహ్నంలోగా కట్టకపోతే వాళ్ళ ముద్ర పగలగొట్టించండి" అన్నారు నిండు సభలో. ముద్ర పోతే ఆ వీధిలో పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. 

ఆ సభలో బేతన అనే చమత్కారి ఉండేవాడు. నవ్విస్తూనే చురక పెట్టడం ఆయనకు అలవాటు. ఆయన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఇంకొక్క చాటింపు వేయించడానికి నాకు అనుమతి ఇప్పించండి. ఆ తరవాత తమరే వచ్చి వీధులు చూద్దురుగాని."

అదేదో బెదిరింపు చాటింపే అయుంటుందనుకుని రాజుగారు సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఏనుగెక్కి బయలుదేరారు. అంగడివీధి మొదట్లోనే రాజుగారు ఏనుగును ఆపించారు. ప్రతి అంగడి ముందూ పలక ఉంది. ప్రతి పలక మీదా "లంక వాళ్ళదే" అని ఉంది.

"ఏమిటిది?" అని గర్జించారు.

గానుగ సంఘం పెద్ద పరుగున వచ్చి దండం పెట్టాడు. "ప్రభువులు మనసు మార్చుకున్నారని తెల్లవారుతూనే చాటింపు విన్నాం. వెంటనే పలక తిప్పేశాం. ఎందుకైనా మంచిదని నిన్ననే రెండువైపులా రాయించి పెట్టుకున్నాం."

అత్తరు సంఘం వాళ్ళు ఈ వైపు కూడా అత్తరు పూశారు.

రాజుగారి ముఖం కందగడ్డలా అయింది. ఏనుగును కంచరివీధికి తోలమన్నారు. అక్కడ నిన్న పలక లేదు, ఇవాళా లేదు. సుత్తి దెబ్బలు మాత్రం వినబడుతున్నాయి.

"కొమ్మసానీ, ఈ చాటింపైనా వినలేదా?"

"రెండూ విన్నాం ప్రభూ."

"మరి మీ సంఘం ఎటువైపు?"

"మా తమ్ముడు యుద్ధం వస్తే ముందు నేనే పోతానంటున్నాడు. మా కోడలు గడ్డి కోసం మనుషులు చావాలా అంటోంది. ఇద్దరూ చేసిన గిన్నెల మీద పడేది ఒకే ముద్ర. దాన్ని తీసుకెళ్ళి ఒకరి మాట మీద వేస్తే రెండో వాళ్ళ నోరు నొక్కినట్టే కదా ప్రభూ. కంచులో సీసం కలపమని ఎవరినైనా అనమనండి, సంఘమంతా ఒక్క గొంతుతో కాదంటాం. అది మా పని."

"సరే, నీ మాటేమిటి?"

"నన్నొక్కదాన్నే అడిగితే చెప్తాను. ఆ లంక కోసం యుద్ధం వద్దు."

ఏనుగు మీదున్న రాజుగారికి, నేల మీద నిలబడి, తలెత్తి చెప్పింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడికొచ్చేసరికి నా ఛాతీ ఉప్పొంగుతుంది.

రాజుగారు బేతన వైపు తిరిగారు. "నా పేరు మీద అబద్ధపు చాటింపు వేయించావు. నీ తల తీయించాలి."

"ఏమని వేయిస్తావని తమరు అడగలేదు ప్రభూ. ఎందుకు కట్టాలని అంగడివీధీ అడగలేదు. రేపు ఆవలి రాజు ఏరు దాటి వస్తే ఆ పలకలు ఎటు తిరుగుతాయో తమరే చూశారు. ఈ వీధి తిరగదు. ఇలాంటి వీధి ముద్ర పగలగొడితే నష్టం ఎవరికి?"

 అంతలో గాలికి అత్తరు వాసన గుప్పున కొట్టింది. ఇక ఆపుకోలేక రాజుగారు, "రెండువైపులా అత్తరు పూశారా వాళ్ళు" అంటూ పొట్ట పట్టుకుని నవ్వారు.

లంక సంగతి ఆవలి రాజుతో కూర్చుని తేల్చుకుంటానన్నారు. కోట గుమ్మానికి కంచు కరిగించి గంట పోసే పని కొమ్మసానమ్మకు అప్పగించారు. మెడలో హారం తీసి బేతనకు వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"ఆ పలకలన్నీ ఇప్పించండి ప్రభూ. గంటకు కొలిమి రాజేయడానికి పనికొస్తాయి."

గంట తయారైన రోజు రాజుగారు పరివారంతో కంచరివీధికి వచ్చారు. కొమ్మసానమ్మ గంటను మోగించి, కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ పోయాలి."

"నా చెవికి బాగానే ఉందే" అన్నారు రాజుగారు.

"నాదం మధ్యలో తెగింది ప్రభూ. ముద్ర వేయను."

పరివారం బిక్కచచ్చిపోయింది. రాజుగారు మాత్రం అక్కడే పీట వేయించుకుని కూర్చున్నారు. "చూశావా బేతనా" అన్నారు మీసం దువ్వుకుంటూ, "నా ఊళ్ళో నాకే కాదని చెప్పేవాళ్ళున్నారు."