మాస్టారి దగ్గు

సోమలింగం మాస్టారికి దగ్గుండేది. కాలవ అవతలి హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినన్నాళ్ళూ ఉంది. ఆయన వరండా మలుపు తిరిగారంటే ముందు దగ్గు వినబడేది, ఆ తరవాత కాసేపటికి గానీ మనిషి కనబడేవారు కాదు. పిల్లల తల్లులు మిరియాల కషాయం కాచి పంపేవారు. ఒకాయన పట్టుబట్టి టౌనుకి తీసికెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయన్నారు. అయినా మర్నాడు వరండా మలుపులో దగ్గు మామూలే. ఆ దగ్గు ఆయనకి ఇంట్లో వచ్చేది కాదు, బజార్లో వచ్చేది కాదు, దుమ్ము లేచే ఆటస్థలంలోనూ వచ్చేది కాదు. ఈ ముక్క ఊళ్ళో ఒక్కరికైనా తట్టిందా అంటే, లేదు. మనవాళ్ళకి మందు చెప్పడంలో ఉన్న సరదా రోగమేమిటో కనుక్కోవడంలో ఉండదు.

ఆయన దగ్గర చదువుకున్న హైమవతి ఇప్పుడు అదే బడికి హెడ్మిస్ట్రెస్. యాభై దాటినా మాస్టారి ముందు కుర్చీలో వెనక్కి జేరబడదు. ఏ చిక్కొచ్చినా సాయంత్రం ఆయన ఇంటికొచ్చి అడగడం ఆవిడకి అలవాటు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పకపోవడం ఆయనకి అలవాటు. ఆ శుక్రవారం ఆవిడ చేతిసంచీ ఇంకా కింద పెట్టకుండానే అడిగేసింది.

"మాస్టారూ, ఏ తప్పూ చెయ్యనివాళ్ళకి కెమెరా అంటే భయమెందుకండీ?"

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకు జరిపారు. ఆవిడే చెప్పుకొచ్చింది.

వేసవి సెలవుల్లో బడిలో నీళ్ళ మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. దాంతో గేటుకొకటి, పిల్లలు మధ్యాహ్నం భోజనం చేసే వరండాకొకటి కెమెరాలు పెట్టించారు. వాటి బొమ్మలు హెడ్మిస్ట్రెస్ గదిలో టీవీ మీద కనబడతాయి. ఒకరోజు ఆవిడ ఫైళ్ళు చూసుకుంటూ తలెత్తితే, పదో తరగతి రూతు తన కంచంలో గుడ్డు తీసి జామెట్రీ బాక్సులో పెట్టి మూత వేస్తోంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆరా తీస్తే రూతు వాళ్ళమ్మ దీనమ్మకి జబ్బు చేసి మంచం పట్టిందనీ, ఆ గుడ్డు ఆవిడ కోసమేననీ తెలిసింది. హైమవతి మనసు వెన్న. టీవీ ముందే కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచి పిల్ల సంగతి నలుగురికీ తెలియాలనుకుని, పొద్దున్న ప్రార్థనలో రూతుని ముందుకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పి, బడంతటి చేతా చప్పట్లు కొట్టించింది.

ఆ మధ్యాహ్నం రూతు కంచంలో నలుగురు ఆడపిల్లలు తమ గుడ్లు తెచ్చి పెట్టారు. ప్రేమగానే పెట్టారు. రూతు కంచం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఇవాళ్టికి తొమ్మిది రోజులు, మళ్ళీ బడి మొహం చూడలేదు. మేనత్త రొయ్యల షెడ్డులో మాట్లాడిందట, సోమవారం నుంచి రొయ్యలు ఒలవడానికి వ్యాను ఎక్కుతుందట.

"నేనేమన్నా తిట్టానా మాస్టారూ? మెచ్చుకున్నాను. క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండే పిల్ల. కాకినాడ పంపించి చదివించాలనుకున్నాను. ఇప్పుడు రొయ్యల పాలవుతోంది. అటు చూస్తే బడి కమిటీవాళ్ళు తరగతి గదులకని ఇంకో పదకొండు కెమెరాలు తెచ్చి నా గదిలో పెట్టారు, సంతకం పెట్టమని ఒకటే పోరు. దాచుకునేది ఏమీ లేనివాళ్ళకి వాటివల్ల నష్టమేంటండీ?"

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "రూతు వాళ్ళిల్లు ఎటమ్మా?" అన్నారు.

కాలవగట్టు వెంట నడిచి వెళ్ళారు. ఇంకా ఎండ పూర్తిగా వాలలేదు. రేకుల ఇల్లు, ముందు మునగచెట్టు, గుమ్మానికి తలుపు లేదు, పాత చీర అడ్డం కట్టి ఉంది. హైమవతికి ఒకటే ఆత్రం. ఆ పిల్లని ఎలాగైనా ఒప్పించాలి, చెయ్యి పట్టుకుని బడికి లాక్కుపోవాలి. గబగబా వెళ్ళి చీర తెర తొలగించబోయింది. మాస్టారు ఆవిడ మోచెయ్యి పట్టి, మునగచెట్టు దాకా వెనక్కి తీసుకొచ్చారు. అక్కడ నిలబడి దగ్గారు.

అదే దగ్గు. ముప్ఫై అయిదేళ్ళ తరవాత విన్నా హైమవతి ఒళ్ళు తనంతట తనే సర్దుకుంది.

లోపల గిన్నె చప్పుడయింది. "అమ్మా, లెగు, ఎవరో వచ్చారు" అని గుసగుస. మంచం కిర్రుమంది. నీళ్ళు ఒలికిన చప్పుడు, చీపురు చప్పుడు, పెట్టె మూత తెరిచిన చప్పుడు. మాస్టారు మునగచెట్టుకి కాయలెన్ని ఉన్నాయో చూస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డారు.

"మాస్టారూ, ఇంకా ఎంతసేపు?" అని హైమవతి నెమ్మదిగా అడిగింది.

"తొందరేముందమ్మా. పిలుస్తారుగా."

అలా నిలబడి ఉండగా ఆవిడకి ఏడో తరగతి గుర్తొచ్చింది. ఉన్నవి రెండు లంగాలు. ఒకటి ఆరలేదు, రెండోది వెనకాల జానెడు చినిగింది. విరామంలో స్నేహితురాలు సుభద్ర సూదీదారం పట్టుకుని, తను గోడకేసి నిలబడితే, ఒంటిమీదే కుడుతోంది. చుట్టూ నలుగురు ఆడపిల్లలు మూగి నిలబడ్డారు. ఇంతలో వరండా మలుపులో దగ్గు. సుభద్ర దారం పళ్ళతో కొరికేసింది. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని పుస్తకాలు తెరిచేసరికి మాస్టారు లోపలికి వచ్చారు. వచ్చినవారు ఎవరివైపూ చూడకుండా తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి తేదీ వేశారు. ఆవేళ ఒక్క తేదీ వెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆ లోపు సూదిని సుభద్ర జడలో దాచేసుకుంది. మాస్టారు ఏమీ చూడలేదని ఆవేళ ఆ పిల్లలు ఎంత సంబరపడ్డారో! హైమవతికి ఇప్పుడు అర్థమైంది. ఆయనకి తెలుసు. అన్నీ తెలుసు.

చీర తెర పక్కకి జరిగింది. రూతు మొహం కడుక్కుని, జడ గట్టిగా బిగించుకుని బయటికొచ్చింది. హెడ్మిస్ట్రెస్‌ని చూసి బిత్తరపోయింది గానీ, "లోపలికి రండి మేడమ్, రండి మాస్టారూ" అంది.

లోపల నేల అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచారు. దీనమ్మ మడతల గుర్తులు ఇంకా పోని చీర కట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి ఉన్నాయి. మంచం కిందికి హడావిడిగా తోసేసిన బేసిన్ అంచు కాస్త బయటికి కనబడుతోంది. హైమవతి అది చూసింది. చూసి, చటుక్కున చూపు తిప్పేసుకుంది. మాస్టారు బడి మాట ఎత్తలేదు, గుడ్డు మాట ఎత్తలేదు. దీనమ్మ పుట్టిల్లు ఏ ఊరో అడిగారు, ఆ ఊళ్ళో తనకి తెలిసినవాళ్ళ కబుర్లు చెప్పారు. దీనమ్మ రెండుసార్లు నవ్వింది. వస్తూ నాలుగు మునక్కాయలు అడిగి మరీ కోయించుకున్నారు. ఇచ్చే చెయ్యి అయినందుకు దీనమ్మ మొహం కళకళలాడింది.

రూతు వాళ్ళని సాగనంపడానికి గట్టు దాకా వచ్చింది. ఇల్లు కాస్త దూరమయ్యాక హైమవతి ఆగిపోయింది.

"తప్పు నాదే తల్లీ. ఏం తప్పు చేశానో మాత్రం సరిగ్గా తెలీడం లేదు. నువ్వే చెప్పు."

రూతు వెనక్కి తిరిగి ఇంటివైపు చూసి, గొంతు తగ్గించింది. "మీరు మెచ్చుకున్నారు మేడమ్, నాకు కోపం లేదండి. కానీ బడిలో రెండేసి గుడ్లు పెడుతున్నారని అమ్మకి చెప్పానండి. ఒకటి నేను తిన్నాననే అనుకుని తినేది. మీరు ప్రార్థనలో చెప్పింది సాయంత్రానికల్లా పేటంతా తెలిసిపోయింది. మా అత్త కొనుక్కొచ్చి పెట్టినా ఇప్పుడు ముట్టుకోవడం లేదండి. నీ నోటి దగ్గరిది లాక్కుతిన్నానే అని ఒకటే ఏడుపు."

 టీవీలో హైమవతి చూసింది గుడ్డూ, జామెట్రీ బాక్సూ. ఆ పిల్ల ఒక్కతే అల్లుకున్న ఆ చిన్న అబద్ధం ఏ కెమెరాలోనూ పడలేదు. దాన్ని తనే, చప్పట్ల మధ్య, నేలకేసి కొట్టింది. రూతుని దగ్గరికి తీసుకుని, నడిదారని కూడా చూడకుండా ఏడ్చేసింది.

"ఆ వరండాలో కెమెరా ఇంకా ఉందా మేడమ్?" అని అడిగింది రూతు.

"రేపు పొద్దున్న నువ్వు లేచేసరికి ఉండదు."

అన్నట్టే శనివారం పొద్దున్నే దాన్ని పీకించేసింది. గోడకి నాలుగు మేకుల బొక్కలు మిగిలాయి. సోమవారం రొయ్యల వ్యాను వచ్చి హారన్ కొట్టి, కొట్టి, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం హైమవతి మాస్టారింటికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"వచ్చిందండీ! గుడ్డులో సగం రూతు తింటేనే మిగతా సగం తింటానని వాళ్ళమ్మ ఒట్టు పెట్టించుకుందట. ఇవాళ భోజనాల వేళ నేను వరండా మలుపు తిరగబోతుంటే, ఏంటో, నాకే తెలీకుండా దగ్గొచ్చింది మాస్టారూ. లోపల జామెట్రీ బాక్సు మూత టక్కుమంది. నేను కాసేపు ఆగి వెళ్ళాను. ఏమీ చూడలేదు."

మాస్టారు నవ్వారు. మునక్కాయల పులుసు కాస్త గిన్నెలో పోసి ఆవిడ చేతికిచ్చారు.

"కానీ ఆ పదకొండూ ఇంకా నా గదిలోనే ఉన్నాయండీ. గేటు దగ్గరిది ఉంచాను, మోటారు దొంగలకి అది ఉండాలి. తరగతి గదులకే ఏం చెప్పాలో తోచడం లేదు. కెమెరాల కంపెనీ అతను మళ్ళీ వచ్చాడు. చీకట్లో కూడా చూస్తాయట. గుసగుసలు కూడా వింటాయట. మొహం చూసి పేరు చెప్పేస్తాయట. వాటికి రాని పని లేదంటాడు."

మాస్టారు అంతా శ్రద్ధగా విన్నారు. గిన్నె మీద మూత సరిచేశారు.

"అన్నీ వచ్చు, బాగానే ఉంది. దగ్గడం వచ్చేమో అడిగావా అమ్మా?" అన్నారు.