మబ్బుకంటే ముందు లేచే జుట్టు

ఒకప్పుడు ఉంగరాల జుట్టు ఇనుప ఉంగరంలా ఉండేది. వానలో తడిసినా సాగేది కాదు. ఎండలో ఆరినా ముడుచుకునేది కాదు. మబ్బు పట్టినా ఉలికేది కాదు. పుట్టినప్పుడు ఎలా చుట్టుకుందో చివరిదాకా అలాగే ఉండేది. దానికి ఆకలి లేదు, దాహం లేదు. నోరు కూడా లేదు.

మిగతావాటన్నిటికీ నోళ్ళుండేవి. సూర్యుడు, వాగు, గింజలు, ఆకులు అన్నీ మనుషులతో మాట్లాడేవి. అవసరానికి మించే మాట్లాడేవి.

ఆ రోజుల్లో మగ్గాల వీధి అని ఒక వీధి ఉండేది. ఇంటింటికీ నేలలో ఒక గుంట. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా మగ్గం. ఆ వీధిలో గవరి అనే పిల్ల ఉండేది. తల్లి పోయాక మేనత్త సింగమ్మ పెంచింది. తల్లి కూర్చుని నేసిన గుంట ఖాళీగా ఉంది. ఆ గుంటలో కూర్చుని నేయాలి. గవరికి ఉన్న కోరిక అదొక్కటే.

తల్లిది నిటారు జుట్టు. గవరికి మాత్రం తండ్రి జుట్టు వచ్చింది, తల నిండా ఉంగరాలు. అందుకని వీధి పెద్ద జగ్గప్ప అడ్డం పడ్డాడు.

"మగ్గం మీద నిలువుపోగు నిటారుగా ఉంటుంది. బట్ట అంచు నిటారుగా ఉంటుంది. నేసే మనిషి తల మీద వెంట్రుక కూడా నిటారుగానే ఉండాలి. వంకర జుట్టుది వంకర నేత. ఇది ఆచారం" అన్నాడు జగ్గప్ప.

"ఎవరు పెట్టారు పెద్దయ్యా ఆ ఆచారం?" అంది గవరి.

"నిటారు జుట్టు ఉన్నవాళ్ళు" అన్నాడు అతను తడుముకోకుండా. అందులో తప్పేముందో అతనికి తట్టలేదు.

"వచ్చే అమావాస్య దాకా గడువిస్తున్నాను. ఈలోగా జుట్టు చక్కబడితే గుంట నీది. లేదంటే మట్టి పోసి పూడ్చేస్తాం. నువ్వు బతికున్నన్నాళ్ళూ ఎవరో నేసే బట్టకి నూలు కండెలు చుడుతూ కూర్చో."

గవరి ఇంటికొచ్చి ఆలోచించింది. ఆమెకి తెలిసిన పని నూలు పని ఒక్కటే. వంకరపోయిన నూలుని నేతవాళ్ళు ఏం చేస్తారు? వీధి పొడుగునా రెండు గుంజల మధ్య బిగించి ఎండకి ఆరేస్తారు. అలా ఆరేసిన నూలునే పడుగు అంటారు. జుట్టునీ అలాగే చేస్తే సరి అనుకుంది.

నడివీధిలో పడుకుంది. జుట్టు కొసల్ని గుంజకి కట్టేసింది.

"సూర్యుడా, దీన్ని చక్కగా చెయ్యి" అంది.

"నా ముందు అందరూ సమానమే" అన్నాడు సూర్యుడు గంభీరంగా. "చిన్నా పెద్దా చూడను. అందర్నీ ఒక్కలాగే కాలుస్తాను."

మూడు రోజులు కాల్చాడు. నాలుగో రోజు జుట్టు నిటారుగా నిలబడింది. గవరి గంతులేసింది. అయిదో రోజు దువ్వెన పెడితే దువ్వెన నిండా ముక్కలు. ఇల్లంతా మాడిన వాసన. అటు ఉంగరమూ కాదు, ఇటు నిటారూ కాదు, తల మీద చీపురు తిరగేసినట్టుంది. ప్రతి వెంట్రుకకీ సన్నటి పగుళ్ళు. ఆ పగుళ్ళలోంచి మొదటిసారి ఆకలీ దాహమూ లోపలికి దూరాయి.

"ఇదేంటి సూర్యుడా!" అంది గవరి.

"సమానత్వం కావాలంటే ఆమాత్రం నష్టం తప్పదమ్మాయ్" అని సూర్యుడు పడమటికి వెళ్ళిపోయాడు. నష్టం ఆయనది కాదు కదా.

వంటింట్లో కుండలోంచి ఉలవలు పిలిచాయి. అన్నిటికంటే పైనున్న ముసలి ఉలవ గట్టిగా అంది: "నీ జుట్టుకి ఎముక లేదు పిల్లా! గుర్రాలకి బలమిచ్చేది మేము. బలమే బతుకు! మమ్మల్ని ఉడికించు, ఆ కట్టు తలకి పట్టించు."

పడుగుకి గంజి పెడితే పోగు గట్టిపడుతుంది. గవరికి ఆ మాట నచ్చింది. ఉలవకట్టు కాచి తలకి పట్టించింది. మొదటి రోజు జుట్టు కాస్త నిలదొక్కుకుంది. రెండో రోజు ఇంకా గట్టిపడింది. ఆమె ఎనిమిది రోజులు ఆపకుండా పట్టించింది. ఎనిమిదో రోజు తల తిప్పితే ఎండు తాటాకు చప్పుడైంది. చెయ్యి తగిలితే చాలు, వెంట్రుక పుటుక్కున విరిగింది.

"విరుగుతోంది ఉలవా" అంది గవరి.

"ఇంకా పెట్టు."

"పెడుతున్నకొద్దీ విరుగుతోంది."

"అంటే నీ నమ్మకం గట్టిది కాదన్నమాట. ఇంకా పెట్టు!"

గవరి కుండ మీద మూత పెట్టేసి వాగు దగ్గరికి నడిచింది. వాగు ఆమెని చూడగానే ఒడ్డు దాటి వచ్చింది.

"అయ్యో అయ్యో, ఆ ఉలవల పెత్తనంలో ఎంత నలిగిపోయావే తల్లీ! కట్లు తెంచుకో. వదులైపో. పారేదే బతుకుతుంది! తల నాలో పెట్టు."

చల్లటి నీళ్ళు. ఒడ్డున మందారాకులూ కలబందా కూడా తమ జిగురు తెచ్చి పోశాయి. గవరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. కొత్త నూలుని రోజులకొద్దీ నానబెడతారు కదా అనుకుని, ఆమె కూడా ఎనిమిది రోజులు తల నానబెట్టుకుని ఒడ్డునే పడుకుంది. తొమ్మిదో రోజు జుట్టు పట్టుకుంటే బంకలా సాగింది. సాగి సాగి, మళ్ళీ వెనక్కి రాలేదు. పిడికిలి విప్పితే పిడికిట్లోనే ఉండిపోయింది.

"ఊడిపోతోంది వాగూ."

"సగం సగం నానితే అంతే మరి. ఇంకా నాను."

గవరి తల తుడుచుకుని లేచింది. అమావాస్యకి ఇంకా అయిదు రోజులే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి పెరట్లో పెద్ద సభ. ఒకపక్క ఉలవలు, వాటికి మద్దతుగా పెసలూ మినుములూ. ఇంకోపక్క వాగు పంపిన చెంబెడు నీళ్ళు, దాని వెనక మందారాకులూ కలబందా. ఎవరూ అడక్కపోయినా కాకి అధ్యక్షస్థానంలో కూర్చుంది.

"గింజల ఐక్యత వర్ధిల్లాలి!" అని ఇటు.

"నీటిని ఆపేవాడెవడు?" అని అటు.

"గవరి తల ఎవరిది?" అని కాకి అరిచింది.

"మాది!" అని రెండు పక్షాలూ ఒక్కసారిగా అరిచాయి. ఆ రోజంతా వాళ్ళు ఒప్పుకున్న మాట అదొక్కటే.

గవరి వాళ్ళ మధ్య నుంచి నడిచి లోపలికి వెళ్ళింది. తల్లి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూలబడింది. గుంటలో చల్లగా ఉంది. ఆమెకి అరవడానికి ఓపిక లేదు. ఏడవడానికీ లేదు.

సింగమ్మ కండె చుడుతూనే వచ్చి గుంట గట్టు మీద కూర్చుంది.

"ఒసే గవరీ, నూలు చేత్తో పట్టుకుని చూడకుండా గంజి కాచేదాన్ని ఎక్కడైనా చూశావా?"

"అంటే ఏంటత్తా?"

"కొత్త నూలు వస్తే ఏం చేస్తాం? ఒక పోగు తీస్తాం, తడుపుతాం, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగి చూస్తాం. ఎంత నానాలో, ఎంత గంజి తాగుతుందో నూలే చెబుతుంది. ఆ తర్వాతే కుండ పొయ్యి మీద పెడతాం."

"నేనూ జుట్టుని నూలులాగే చూశాను కదత్తా."

"చూళ్ళేదే. నూలుకిచ్చే మర్యాద కూడా దానికివ్వలేదు."

గవరి నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత తల మీంచి ఒక్క వెంట్రుక తీసింది. నీళ్ళలో ముంచి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగింది.

"అబ్బ" అంది వెంట్రుక. బొంగురు గొంతు, మొదటిసారి మాట్లాడుతున్నట్టు. "ఇన్నాళ్ళకి అడిగావా."

"నీకేం కావాలో చెప్పవే."

"లాగావు కదా, ఏమైంది?"

"సాగింది. వెనక్కి రాలేదు."

"అంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇవాళ నాకు ఉలవకట్టు కావాలి. ఒక్క పూట చాలు, ఎనిమిది రోజులు కాదు. రేపు మళ్ళీ లాగి చూడు. సాగకుండా పుటుక్కుమందా, నీళ్ళకీ మందారాకుకీ కబురు పెట్టు. సాగి వెనక్కొచ్చిందా, నన్ను నా మానాన వదిలెయ్."

పెరట్లోంచి ఉలవ చిన్నబుచ్చుకుని అడిగింది: "అంటే మా మాట తప్పా?"

"మా మాట తప్పా?" అంది చెంబులో నీరు.

"తప్పని ఎవరన్నారు?" అంది వెంట్రుక విసుగ్గా. "పూట పూటకీ నాకు వేరే ఆకలి. మీరేమో ఏ పూటా నన్ను అడగలేదు. పిలిచినప్పుడు రండి, చాలన్నప్పుడు పొండి."

సభ ముగిసింది. కాకి ముగింపు ఉపన్యాసం మొదలుపెట్టింది గానీ వినడానికి ఎవరూ మిగల్లేదు.

"ఇంకో మాట" అంది వెంట్రుక. "సూర్యుడు మాడ్చిన కొసలు ఇక నావి కావు. వాటికి ఏం పోసినా దండగే. కత్తిరించెయ్."

సింగమ్మ కత్తెర తెచ్చింది. నడుం దాకా ఉన్న జుట్టు చెవుల దాకా వచ్చింది. గవరి కింద పడ్డ కొసల్ని ఊడ్చి ఎత్తిపోసింది.

రోజూ లాగి చూసింది. ఒక పూట ఉలవకట్టు, ఇంకో పూట మందారాకు జిగురు, మరో పూట ఏమీ లేదు. నాలుగో రోజుకి ఉంగరాలు మళ్ళీ వచ్చాయి. కానీ పాత ఇనుప ఉంగరాలు కావు. తడిస్తే భుజం దాకా సాగుతున్నాయి, ఆరితే చుట్టుకుని చెవి దగ్గరికి పోతున్నాయి. గాలిలో ఏ కాస్త తేమ ఉన్నా పగుళ్ళతో తాగేస్తున్నాయి.

"పూర్తిగా ఎప్పుడు బాగవుతావే?" అని అడిగింది గవరి.

"అవను. నువ్వు అడుగుతూ ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేంటి? ఉన్నన్నాళ్ళూ."

గవరి నిట్టూర్చింది. సరేనంది.

అమావాస్య రానే వచ్చింది. ఆ వీధిలో అమావాస్య నాడు మగ్గం ఆడించరు. పడుగులకి గంజి పెట్టి వీధిలో ఆరేసుకుంటారు. పొద్దున్నే వీధి పొడుగునా తెల్లటి పడుగులు. అన్నిటికంటే పొడుగైనది జగ్గప్పది. ఆకాశం కడిగిన కంచంలా ఉంది.

జగ్గప్ప పదిమంది చేత మట్టిగంపలు మోయించుకుని వచ్చాడు. గవరి గుంటలో కూర్చుని ఉంది.

"జుట్టు వంకరగానే ఉంది. పైగా కురచ చేసుకున్నావు. లే."

"లేవను పెద్దయ్యా."

"మట్టి పోస్తాం."

"పొయ్యండి. ఎండకి మాడాను. ఉలవలకి విరిగాను. నీళ్ళకి ఊడాను. నాకు లేచే ఓపిక లేదు."

గంపలు మోసేవాళ్ళు మొహాలు చూసుకున్నారు. అరిచేదాన్ని అయితే కసరొచ్చు, తిరగబడేదాన్ని అయితే లాగొచ్చు. ఇంత అలిసిపోయిన మనిషిని ఏం చెయ్యాలో వాళ్ళకి తెలీలేదు. జగ్గప్పే ఒక గంప అందుకుని పోశాడు. మట్టి గవరి మోకాళ్ళ దాకా వచ్చింది.

రెండో గంప ఎత్తేసరికి అతను ఆగిపోయాడు. గవరి తల మీద ఒక్కో ఉంగరం మెల్లగా ఉబ్బుతోంది. పక్కకి విచ్చుకుంటోంది. పైకి లేస్తోంది.

"ఏయ్, ఏంటది? లేస్తోంది!"

"అది లేస్తుంది. నేను లేవను" అంది గవరి. తర్వాత చేత్తో ఒక ఉంగరం తాకి చూసి ఆగింది. "పెద్దయ్యా, ఇది గాలిలో నీళ్ళు తాగుతోంది. వాన వస్తోంది. పడుగులు ఎత్తించండి."

జగ్గప్ప గుమ్మం దాటి ఆకాశం చూసి పెద్దగా నవ్వాడు. "మబ్బుతునక లేదు! గుంట దక్కించుకోవడానికి వానని కూడా తెస్తోంది ఈ పిల్ల!"

సింగమ్మ నవ్వలేదు. "గంజి పెట్టిన పడుగు తడిస్తే నెల రోజుల చాకిరీ బూడిదలో పోసినట్టే. నేను ఎత్తుకుంటున్నాను" అని బయటికి పరిగెత్తింది. ఆమెని చూసి పక్కింటి అమ్మ, ఆమెని చూసి ఎదురింటి అమ్మ. గంపలు మోసేవాళ్ళు కూడా గంపలు దించి ఎవరి పడుగు వైపు వాళ్ళు ఉరికారు.

"వెనక్కి రండి! ఆచారం!" అని జగ్గప్ప అరిచాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.

వాళ్ళు తమ చివరి పడుగు చుట్టేసరికి కొండల అవతలి నుంచి నల్లగా వచ్చిపడింది వాన. వీధంతా కాలవైంది. నడిమధ్య ఒక్క పడుగు మాత్రం, అన్నిటికంటే పొడుగైనది, గంజి కారిపోతూ, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతూ వేలాడింది.

వాన తగ్గాక జగ్గప్ప వచ్చాడు. నిలువెల్లా తడిసిపోయాడు. అతని నిటారు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. అతనూ అలిసిపోయాడు. గుంట గట్టు మీద కూర్చున్నాడు.

"రేపు కూడా ఉందా?" అన్నాడు.

"ఏంటి?"

"వాన."

గవరి ఒక ఉంగరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగి, వదిలింది. "ఉంది. ఎల్లుండి ఎండ."

జగ్గప్ప తలూపాడు. తర్వాత ఖాళీ గంప తీసుకుని గుంటలోకి దిగాడు. గవరి మోకాళ్ళ చుట్టూ ఉన్న మట్టిని తన చేతులతోనే గంపలోకి తోడడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచే ఉంగరాల జుట్టు తడిస్తే సాగుతుంది, ఆరితే చుట్టుకుంటుంది. ఒకరోజు గింజల కట్టు అడుగుతుంది, ఒకరోజు నీళ్ళు అడుగుతుంది, ఒకరోజు ఏమీ అడగదు. మాడిన కొస మాత్రం మళ్ళీ బతకదు. అప్పటినుంచే, ఆకాశంలో మబ్బుతునక కూడా లేని పొద్దున, ఎవరూ పిలవకుండానే అది లేచి నిలబడుతుంది.