గౌరీశ్వరి నడిచిన దారి

"అందరూ చేయి కలిపారు కదా మాస్టారూ, అయినా పిల్లలు పనుల్లో ఎందుకు నిలబడటం లేదు?" అని అడిగింది హైమావతి. ఆ గొంతులో జవాబు కోసం ఆత్రం కూడా లేదు. పట్టణంలోని మిల్లుల వాళ్ళను, కాలేజీని, మహిళా సంఘాలను, బస్సు డిపోను ఒక్కచోట కూర్చోబెట్టి, కుర్రకారుకు ఉద్యోగాలు ఇప్పించే సంఘాన్ని మూడేళ్ళుగా ఆమే నడుపుతోంది. ఐ.టి.ఐ.లో ఒకప్పుడు ఆమెకు పాఠం చెప్పిన సన్యాసినాయుడు మాస్టారే ఆమెను ఈ పనిలోకి దింపారు. ఇక నావల్ల కాదని చెప్పిపోదామనే ఆ రోజు వచ్చింది.

మాస్టారు ఎదురు ప్రశ్న వేశారు. "ఆఖరున మానేసింది ఎవరు?" అన్నారు.

"గౌరీశ్వరి అని, జూట్ మిల్లులో చేర్పించాం. నాలుగు రోజులు వెళ్ళి మానేసింది. బద్ధకం అన్నారు మిల్లువాళ్ళు. అదే రాసుకున్నాను."

మర్నాడు సాయంత్రం ఆయన ఆ పిల్లను కూడా పిలిపించి, ఇద్దరినీ మిల్లు గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆరింటికి షిఫ్టు వదిలారు. గౌరీశ్వరి ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు పావు తక్కువ ఆరుకే వెళ్ళిపోయిందని బడ్డీకొట్టు ఆవిడ చెప్పింది.

"పదండి, నడుద్దాం," అన్నారు మాస్టారు.

ఆరు కిలోమీటర్లు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసి దారిలో రెండుచోట్ల కూర్చుండిపోయారు. జీడితోట దగ్గరకొచ్చేసరికి వెలుతురు తగ్గింది. గౌరీశ్వరి వంగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

"ఎందుకమ్మా?" అంది హైమావతి.

"ఇక్కడ తాగి కూర్చుంటారండి. చెప్పులుంటే పరిగెత్తలేను కదండీ."



తెల్లవారి హైమావతి నేరుగా డిపోకి వెళ్ళింది. మేనేజరు సంఘంలో సభ్యుడే. ప్రతి సమావేశానికీ వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళేవాడు. విషయం విని నొచ్చుకున్నాడు. "అరగంట ఆలస్యంగా పంపితే సరిపోయేది కదమ్మా! ఈ ముక్క నాతో ఎవరూ అనలేదేం?"

పది రోజులకు బస్సు వేళ మారింది. ఈలోగా గౌరీశ్వరి స్థానంలో మిల్లువాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. పట్టణంలో పనులకు కొత్తగా చేరిన ఆ ఊరి ఆడపిల్లలు ఇద్దరు ఇప్పుడు ఆ బస్సెక్కి క్షేమంగా ఇళ్ళకు చేరుతున్నారు. గౌరీశ్వరి ఇంట్లోనే ఉంది.

హైమావతి వచ్చి మాస్టారి వాకిట్లో మెట్టు మీద కూలబడింది. "కష్టం ఆ పిల్లది, ఫలితం ఇంకొకరిది. ఆ పని ఇక లేదని తనకు ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ?"

మాస్టారు వాచిన మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

"ఫోన్లో చెప్పకు," అన్నారు. "ఇంటికి వెళ్ళి చెప్పు. చెప్పాక వెంటనే లేచి రాకు."