గొంగడి పట్టిన రాజు

అనగనగా, కొండల మీద మబ్బులు ఆవుల్లా మేసే కలువకొండ రాజ్యంలో వసుకీర్తి అనే రాజు ఉండేవాడు. మంచివాడు. కోపం తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయనకు ఉన్న సరదా ఒక్కటే. కొత్తది ఏది కనబడినా దాని గురించి అంతా తెలుసుకోవాలి.

ఒక ఏడాది నెమలి మీదికి మనసు పోయింది. పింఛంలో ఎన్ని కళ్లున్నాయో లెక్కపెట్టి, తాటాకుల మీద రాసి, కట్ట ముగియగానే నెమలిని మరిచిపోయాడు. మరుసటి ఏడాది తేనెటీగలు. ఆ తరవాత తాబేళ్లు. కట్టలు గుట్టగా పెరిగాయి. నెమలి ఏమైందో, తాబేలు ఎటు పోయిందో మాత్రం ఏ కట్టలోనూ లేదు.

అలా ఉండగా ఒక శ్రావణమాసంలో పెద్ద వానలు పడ్డాయి. పాలవాగు పొంగింది. ఆ వరదలో ఏనుగుల మంద ఏరు దాటిపోయింది. ఒక్క గున్న మాత్రం ఇవతల బురదగుంటలో చిక్కుకుంది. కొండ అంచున గొర్రెలు కాచుకునే పోలమ్మ అనే అవ్వ దాని అరుపు విన్నది. తోటి కాపరులను కేకేసింది. మోకులు వేసి పిల్లను పైకి లాగించింది. ఏరు దాటే దారి లేదు, తన గుడిసెలో ఏనుగుకు చోటు లేదు. అందుకని నేరుగా కోటకు తోలుకొచ్చింది.

రాజు ఎగిరి గంతేశాడు.

"ఏనుగు గున్న! నా కోటలో! అవ్వా, నువ్వు నిశ్చింతగా వెళ్లు. ఇకమీదట దీని సంగతి నేను చూసుకుంటాను!"

చూసుకున్నాడు కూడా. గజశాస్త్రం కంఠతా వచ్చిన త్రిలోచన పండితుణ్ణి పిలిపించాడు. రాజు కొలవడం, పండితుడు చెప్పడం, ఇద్దరూ రాయడం. ఎత్తు ఎన్ని మూరలు? కాలిగోళ్లు ఎన్ని? తోకమీద వెంట్రుకలు ఎన్ని? చెవి ఏ ఆకులా ఉంది? పన్నెండు అధ్యాయాల గ్రంథం అవుతుందని పండితుడు తేల్చాడు. రాజుకు భోజనం కూడా గుర్తురాలేదు.

మూడో రోజు పోలమ్మ కోట వాకిట్లో నిలబడింది. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర.

"నా గున్నయ్య ఎట్లా ఉన్నాడో ఒకసారి చూసిపోదామని వచ్చాను దొరా."

"రా అవ్వా, రా! మంచి సమయానికి వచ్చావు," అంటూ రాజు తాటాకులు విప్పాడు. "విను. ఎత్తు రెండు మూరల జానెడు. గోళ్లు పద్దెనిమిది. ఇంకో వింత, రోజుకు నలభై సార్లు తొండం పైకెత్తి గాలిలో ఊపుతుంది!"

పోలమ్మ అంతా ఓపికగా విన్నది.

"బాగుంది దొరా. పాలు తాగాడా?"

రాజు పండితుడి వైపు చూశాడు. పండితుడు గొంతు సవరించుకున్నాడు.

"ఆహారం తొమ్మిదో అధ్యాయం ప్రభూ. మనమింకా నాలుగులో ఉన్నాం."

పోలమ్మ గబగబా ఏనుగుశాలలోకి నడిచింది. రాజు ఆమె వెనకే వెళ్లాడు. మూలన వెండి గంగాళం నిండా పాలు, పైన మీగడ కట్టి అలాగే ఉన్నాయి. గున్నయ్య పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. చెవులు వాలిపోయాయి. డొక్కలు లోపలికి పోయాయి. మూడు రోజులుగా ఆ డొక్కలను కొలుస్తున్నది రాజే. అవి లోపలికి పోతున్నాయని తాను చూడనే లేదు. రాజు వాడి డొక్కమీద చెయ్యి వేశాడు.

"అవ్వా, బతుకుతాడా?"

"ఇప్పుడడిగారు చూడండి, అదీ మాట," అంది పోలమ్మ. "ముందు వాడి కడుపులో ఏదన్నా పడనివ్వండి."

రాజు బంగారు గిన్నె తెప్పించి పాలు నోటికి అందించాడు. గున్నయ్య మొహం తిప్పుకున్నాడు. పండితుడు ఆకలి పుట్టించే శ్లోకం రాగయుక్తంగా చదివాడు. గున్నయ్య కళ్లు మూసుకున్నాడు. పోలమ్మ పాలలో పలచని గంజి, కొబ్బరిపాలు కలిపి, తన గొర్రెపిల్లలకు పట్టే వెదురుగొట్టంలో పోసి అందించింది. వాడు వాసన చూశాడు. కాళ్లు కూడదీసుకుని లేచి నిలబడ్డాడు. తొండం పైకెత్తి గాలిలో అటూ ఇటూ ఊపాడు. దించేశాడు. తాగలేదు.

"ఇదిగో, ఇదే నేను చెప్పిన వింత!" అన్నాడు రాజు.

"ఎందుకు ఎత్తుతున్నాడో ఏమన్నా తెలిసిందా దొరా?"

"ఎన్నిసార్లో రాశాను గానీ..." అన్నాడు రాజు.

పోలమ్మ గొట్టం పక్కన పెట్టి నేలమీద చతికిలబడింది. ఏమీ చేయలేదు. ఊరికే వాణ్ణి చూస్తూ కూర్చుంది. రాజుకు ఊరికే చూడటం అలవాటు లేదు. అయినా పక్కన కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. తొండం లేచింది, వెతికింది, వాలింది. మళ్లీ లేచింది, వెతికింది, వాలింది.

మూడోసారి పోలమ్మ చప్పున లేచింది.

"అయ్యో నా తండ్రీ! వీడు అమ్మ పొట్ట వెతుక్కుంటున్నాడు దొరా! మా గొర్రెపిల్ల తల్లి పొట్ట కింద దూరి తలతో పొడిచి తాగుతుంది. వీడికి తొండం ఆనించుకోవడానికి పైన ఏదో ఒకటి ఉండాలి."

ఆమె భుజాన ఉన్న గొంగడి తీసి విప్పింది. ఒక కొస ఏనుగుశాల గుంజకు కట్టింది. రెండో కొసకు గుంజ లేదు.

"పట్టుకోండి దొరా."

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ? పంతులుగారి చేతినిండా ఆకులున్నాయి."

రాజు చేతిలో తాటాకుల మీద రాసే గంటం ఉంది. గంటం పట్టుకుని గొంగడి పట్టుకోవడం కుదరదు. రాజు గంటం కింద పడేసి, రెండు చేతులతో గొంగడి కొస ఎత్తి పట్టుకున్నాడు. అది గొర్రెల వాసన వేస్తోంది, వాన వాసన వేస్తోంది. ఉన్ని ముంజేతులకు గుచ్చుకుంటోంది.

గున్నయ్య తొండం పైకి లేచింది. గొంగడికి తగిలింది. ఒక్క క్షణం ఆగింది. తరవాత మెల్లగా, హాయిగా దానిమీద ఆనుకుంది. నోరు తెరుచుకుంది. పోలమ్మ వెదురుగొట్టం అందించింది.

గుటుక్. గుటుక్. గుటుక్.

"తాగుతున్నాడు!" రాజు చిన్నపిల్లాడిలా అరిచాడు. "అవ్వా, తాగుతున్నాడు! ఎన్ని గుక్కలు తాగాడో..."

"గుక్కల సంగతి తరవాత దొరా, కొస జారుతోంది, ఎత్తి పట్టండి!"

రాజు ఎత్తి పట్టాడు. గున్నయ్య మూడు ముంతలు తాగి, తేన్చి, రాజు కాలిమీద కాలువేసి నిలబడ్డాడు. రాజుకు చేతులు లాగుతున్నాయి, బొటనవేలు నలుగుతోంది. పుట్టిన దగ్గరనుంచీ అంత సంతోషం ఎరగడు.

ఆనాటి నుంచి పూటపూటకూ గొంగడి పట్టేది రాజే. ఇంకో గుంజ పాతిస్తామని సేవకులన్నారు. వద్దన్నాడు. పోలమ్మ ఏనుగుశాల పక్కనే మకాం పెట్టి గంజి కాచింది. గున్నయ్య ఒళ్లు చేశాడు. అల్లరి నేర్చాడు. పండితుడి తలపాగా లాగి నీళ్లతొట్టిలో వేశాడు. త్రిలోచనుడు కోపంగా మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక, ఆ సంగతి కూడా ఆరో అధ్యాయంలో చేర్చాడు.

కార్తీకం వచ్చింది. పాలవాగు తగ్గింది. ఏనుగుల మంద అవతలి ఒడ్డుకు వచ్చి తిరుగుతోందని కాపరులు కబురు తెచ్చారు.

పండితుడు ఆత్రంగా వచ్చాడు. "ప్రభూ, దంతాల అధ్యాయం మిగిలిపోయింది. దంతాలు మొలిచేదాకా ఉంచండి. ఇలాంటి గ్రంథం భూమండలంలో ఏ రాజు దగ్గరా ఉండదు!"

రాజుకు ఆశ పుట్టింది. గ్రంథం మీది ఆశ కొంతే. గున్నయ్య లేని కోట ఎలా ఉంటుందో తలుచుకుంటే గుండె బరువెక్కింది. పోలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఏం చెయ్యమంటావు అవ్వా?"

"నన్నెందుకు దొరా అడగడం? వాణ్ణి చూడండి."

రాజు చూశాడు. గున్నయ్య వాగు వైపు తిరిగి, చెవులు విప్పుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. గొంగడి కట్టి ఉంది, పాలు సిద్ధంగా ఉన్నాయి. అటువైపు చూడనైనా లేదు.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "గ్రంథం అలాగే ఉండనివ్వండి పండితా. పదండి, ఏటికి వెళదాం."

పల్లకీ వద్దని నడిచే వెళ్లాడు. గున్నయ్య తొండం ఆయన వేలు పట్టుకుంది. ఒడ్డున ఆ వేలు విడిపించుకోవడం ఆయనకు యుద్ధం కన్నా కష్టమైంది. "పో నాన్నా," అన్నాడు. గున్నయ్య నీళ్లలో దిగాడు. వెనక్కి చూశాడు. మళ్లీ నడిచాడు.

అవతలి ఒడ్డున ఒక పెద్ద ఏనుగు చెట్లు విరుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. పిల్లవాణ్ణి తొండంతో తడిమింది, తలమీద, వీపుమీద, చెవులమీద. అంతలో మంద అంతా చుట్టూ చేరి ఘీంకరించింది. కొండలు మారుమోగాయి. గున్నయ్య తల్లి కాళ్ల మధ్యకు దూరి, తొండం ఆమె పొట్టకు ఆనించి, తాగడం మొదలుపెట్టాడు.

ఇవతలి ఒడ్డున పోలమ్మ చప్పట్లు కొట్టింది. పండితుడు పైపంచెతో కళ్లొత్తుకున్నాడు. రాజు ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు.

తిరిగివచ్చే దారిలో రాజుకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. నడక ఆపాడు.

"అవ్వా, మూడు నెలలు నా కోటలోనే ఉన్నావు. మరి నీ గొర్రెల్ని ఎవరు కాచారు?"

"మా ఆడబిడ్డ కాచింది దొరా, నన్ను రోజూ తిట్టుకుంటూ."

"నేను ఒక్కనాడూ అడగలేదే!"

"ఇవాళ అడిగారుగా," అని పోలమ్మ బోసినవ్వు నవ్వింది.

"అయితే ఇవాళ నీ మంద తోలడానికి నేనూ వస్తాను. మీ ఆడబిడ్డకు సెలవిద్దాం."

ఆ సాయంత్రం కలువకొండ ప్రజలు ఒక చిత్రం చూశారు. మహారాజు పంచె ఎగగట్టి, "హేయ్! హేయ్!" అంటూ గొర్రెల వెంట పరుగెడుతున్నాడు. గొర్రెలు తలా ఒక దిక్కుకూ పోతున్నాయి. పోలమ్మ నవ్వలేక గట్టుమీద కూలబడింది. ఆ ఆడబిడ్డ సైతం తిట్టడం మరిచిపోయింది.

పిల్లలూ, విన్నారు కదా! ఆసక్తి ఉన్నవాడు "ఇది ఎలా ఉంది?" అని చూసి సంతోషిస్తాడు, ప్రేమ ఉన్నవాడు "దీనికి ఏం కావాలి?" అని అడిగి, చేతిలోది పక్కన పెట్టి, ఆ పని చేస్తాడు.