పోలక్క కొండ

ఆశ్వయుజ శుద్ధ పంచమి, మంగళవారం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. కొండ నడుముకు మంచు చుట్టుకుని ఉంది. ఇంత కచ్చితంగా చెబుతున్నానా, ఏ సంవత్సరమని అడిగితే మాత్రం చెప్పలేను. కథ చెప్పినవాళ్లు తిథి గుర్తుంచుకున్నారు, రాజును మరిచిపోయారు.

ఆ కొండ మీంచి చూస్తే నగరమంతా కనబడేది. ఎక్కినవాళ్లకు పోలక్క అనే ముసలావిడ మజ్జిగ పోసేది. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి. కరివేపాకు కాదు, నిమ్మాకు అనేవాడు మా తాత. ఆ తగువు ఇప్పుడొద్దు. అందరూ నగరం చూసేవారు. పోలక్కా చూసేది.

పోలక్క చూసేది ఒక్క మిద్దెనే. కూతురు చిట్టెమ్మ ఆ ఇంటి కోడలు. పెళ్లి విందులో పులుసు చల్లారిందని వియ్యపురాలు అలిగింది. "మీ గడప నేను తొక్కను, నా గడప నువ్వు తొక్కకు" అంది. అప్పగింతలప్పుడు చిట్టెమ్మ తల్లి చెవిలో చెప్పింది: "అమ్మా, రోజూ పొద్దున్నే మిద్దె మీద ఎర్రచీర ఆరేస్తా. అది కనబడితే నేను బాగున్నట్టే."

ఆ మంగళవారం రాజు కొండెక్కాడు. పైనుంచి చూస్తే రాణివాసం పెరడు కనబడుతోందట, దారి మూయించాలట. వెంట మంత్రి, సేనాపతి.

"ఏం కనబడుతోంది?" అని రాజు మంత్రిని అడిగాడు.

"ధాన్యపు కొట్లు, ప్రభూ."

సేనాపతిని అడిగాడు.

"ఉత్తరపు గోడలో బీట, ప్రభూ."

పోలక్కను అడిగాడు.

"ఏమీ కనబడటం లేదు, దొరా."

మంత్రి నవ్వాడు. "ముసలిదానికి చూపు పోయింది."

"నా చూపుకేం నాయనా, నీ మీసానికంటిన మజ్జిగ కూడా కనబడుతోంది. నా కూతురి చీరే కనబడటం లేదు."

సంగతంతా చెప్పింది. "ఈ ఒక్కపూట ఆగండి దొరా. చీర కనబడ్డాక మూసుకోండి."

రాజుకూ చూడాలనిపించింది. ఓ రాతి మీద కూర్చున్నాడు.

మిగిలిన కాస్త మంచూ విడింది. చీర రాలేదు. ఎండ వచ్చింది. చీర రాలేదు. మజ్జిగ కుండ ఖాళీ అయింది. చీర రాలేదు.

అప్పుడు మిద్దె మీదికి ఎవరో వచ్చి తెల్లటి గుడ్డ ముక్కలు వరసగా ఆరేశారు.

"అవేమిటి? సంధి జెండాలా?" అన్నాడు సేనాపతి.

పోలక్క దిగ్గున లేచింది. "పొత్తిగుడ్డలయ్యా! నా కూతురు కనింది! తొలికాన్పు పుట్టింట్లో కావలసిన పిల్ల! నేనేమో ఇక్కడ మజ్జిగ పోస్తూ కూర్చున్నా!"

కొంగు బిగించి దిగసాగింది.

"ఎక్కడికి?" అని రాజు అరిచాడు.

"ఆ గడప తొక్కడానికి!"

వియ్యపురాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల పసిబిడ్డ ఏడ్చింది. ఆవిడ పక్కకు జరిగింది.

రాజు దారి మూయలేదు. తన పెరటిగోడే ఎత్తు చేయించుకున్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరైనా కొండెక్కితే, ఇంట్లోవాళ్లు మిద్దె మీద రంగుచీర ఆరేస్తారు. ఎక్కినవాళ్లు పాతకోట కంటే ముందు దాన్నే వెతుక్కుంటారు. కనబడగానే "పోలక్కా, మావాళ్లు బాగున్నారు!" అని కేకేస్తారు.

పోలక్క పోయాక మజ్జిగ కుండ చిట్టెమ్మకు వచ్చింది. ఎర్రచీర మనవరాలికి వచ్చింది. రాజు కూర్చున్న రాయి, ఆయాసపడుతూ ఎక్కేవాళ్లందరికీ వచ్చింది. కొండకు పోలక్క పేరొచ్చింది.

రాజుకా? ఏమీ రాలేదు. ఉన్న పేరు కూడా పోయింది.