పాకిందన్న మాట

"నాలుగో దశ అంటే నాలుగో దశే కదా సార్. ఇద్దరికీ అదే రాశాను. ఇందులో తప్పేముంది?"

ఈ ప్రశ్న అడిగినప్పుడు డాక్టర్ నళిని గొంతులో కాస్త ఉక్రోషం ఉంది. ఉండదా మరి! పొద్దున్నే రెండు ఫైళ్ళు పట్టుకెళ్తే, పరాంకుశం గారు రెండూ తిరగేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టారు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్లలో ముప్ఫయ్యేళ్ళు చెయ్యి తిరిగిన మనిషాయన. శిష్యులతో వాదన పెట్టుకోరు. ఎవరైనా ప్రశ్న వేస్తే లేచి నడవడమే ఆయన పద్ధతి. అడిగినవాళ్ళు వెనకాల పడి వెళ్ళాల్సిందే. నళినీ వెళ్ళింది.

ఆ రెండు ఫైళ్ళ మనుషులూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన పున్నారావు, పొన్నూరు పక్క పల్లెలో తమలపాకు తోట రైతు. పక్కనున్న ఆవిడ మస్తాన్‌బీ, బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ముందురోజు నళిని ఇద్దరికీ ఒకే మాట చెప్పింది, జబ్బు పేగు దాటి పాకింది, నాలుగో దశ అని. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచీ పున్నారావు సంచీ సర్దేసుకుని కూర్చున్నాడు. మందూ మాకూ ఏదీ వద్దట, ఇంటికి పోయి తన మంచం మీద తను పోతాడట. భార్య ఏడ్చి మొత్తుకున్నా వినలేదు.

పరాంకుశం గారు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. జబ్బు సంగతి ఎత్తనే లేదు.

"తోటలో మొదలుకుళ్ళు తెగులు తగిలితే ఏం చేస్తావయ్యా పున్నారావూ?"

పున్నారావు విసుగ్గా చూశాడు. చావు కబురు విన్నవాణ్ణి పట్టుకుని తోట ముచ్చట్లేమిటి? అయినా ఆకుతోట మాట వచ్చాక ఆయన నోరు ఊరుకోలేదు.

"ముందు ఎక్కడ తగిలిందో చూడాలండీ. రెండు మూడు పాదుల్లోనే ఉంటే, వాటిని వేళ్ళతో సహా పెకలించి, ఆ మట్టి కూడా తీసి అవతల పారేస్తాం. తోట నిలబడుద్ది. ఒక్కోసారి మళ్ళీ తగులుద్ది, మళ్ళీ తీస్తాం. అదే కాలవ నీళ్ళలో కలిసిందనుకోండి, ప్రతి సాలుకీ చేరుద్ది. అప్పుడు ఎన్నని పీకుతాం? తోటంతా తొక్కి మనమే ఇంకా పాకించినట్టవుద్ది. మందు పోసుకుంటా, పచ్చగా ఉన్న తీగల మీద దొరికినన్నాళ్ళు ఆకు కోసుకోవడమే."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. మెల్లగా నళిని వైపు తిరిగాడు.

"పాకింది పాకింది అన్నారు గదమ్మా. నాది పాదుల్లోనా, నీళ్ళలోనా?"

నాలుగు అని రాసింది గానీ, ఈయనకి ఎక్కడికి పాకిందో నళినికి గుర్తు లేదు! పరుగున వెళ్ళి ఇద్దరి స్కాన్ ఫిల్ములూ తెచ్చి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పున్నారావు కాలేయం కుడి అంచున రెండు మచ్చలున్నాయి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కడుపు లోపలి పొర మీద ఏమీ లేదు.

"పాదుల్లోనే పున్నారావు గారూ. రెండే రెండు, కాలేయం అంచున. ముందు మందు ఎక్కిస్తాం. లొంగితే పేగులోదీ, కాలేయంలోవీ కోసి తీసేయొచ్చు. మళ్ళీ రాదని మాత్రం చెప్పలేను, కొందరికి వస్తుంది. ఏళ్ళ తరబడి తమ పని తాము చేసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు."

పున్నారావు భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఆయన సంచీని కాలితో బెంచీ కిందకి తోసేశాడు.

ఇంతటితో అయిపోతే నళిని ఆ పూట ఛాతీ విరుచుకునే తిరిగేది. కానీ పక్కనున్న మస్తాన్‌బీ ఇదంతా విన్నది. ఆవిడ ముఖం విప్పారింది.

"అయితే నాకూ కోస్తారన్నమాట! ఇద్దరిదీ నాలుగేనని మీరే అన్నారు గదా డాక్టరమ్మా. మార్కాపురంలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టి నెలయింది. ఆపరేషనయ్యి, ఒళ్ళు కుదుటపడ్డాక పోయి చూద్దామని ఆగా. నాకెప్పుడు చేస్తారు?"

రెండో ఫిల్ము ఇంకా నళిని చేతిలోనే ఉంది, ఎత్తి చూసింది. ఆవిడ కడుపు పొర నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు, అడుగున నీరు, ఊపిరితిత్తిలోనూ ఒకటి. తన ఒక్క మాట విని పున్నారావు ఆశ వదులుకున్నాడు, ఈవిడ అదే మాట పట్టుకుని ఆశ పెట్టుకుంది. గురువు గారు ఏమైనా అందుకుంటారేమోనని చూసింది. ఆయన లోపలి గది తలుపు తెరిచి పట్టుకున్నారు.

మస్తాన్‌బీని లోపలి గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. పరాంకుశం గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"మీది నీళ్ళలో కలిసిందమ్మా. కోస్తే మీకు బాధ తప్ప జబ్బు పోదు. మందు ఇస్తాం, నొప్పి తెలియకుండా చూసుకుంటాం. కానీ ఆయనకున్నంత వ్యవధి మీకు ఉండకపోవచ్చు."

మస్తాన్‌బీ కొంగు అంచు వేళ్ళతో తడుముకుంది.

"ఎన్నాళ్ళమ్మా?"

"ఖాయంగా ఎవరమూ చెప్పలేం. నెలల్లోనే అనుకోండి."

"ఎల్లుండి మార్కాపురం పోయి రావచ్చా మరి?"

"వెళ్ళి రండి. వారం రోజులు ఉండి రండి. మీరు వచ్చాక మందు మొదలుపెడదాం."

ఆవిడ లేచి, నళిని తల మీద ఒకసారి చెయ్యి వేసి, గోడ పట్టుకుంటూ బయటికి వెళ్ళింది. నళినికి ఏడుపు ఆగలేదు.

"ఆ ముఖంలో ఉన్న కాస్త వెలుగూ నేనే ఆర్పేశాను సార్."

"ఎల్లుండి మనవరాల్ని ఒళ్ళో వేసుకుంటుంది" అన్నారు పరాంకుశం గారు. "నువ్వు నాలుగని రాసి ఊరుకుంటే, ఎప్పుడు వేసుకునేదమ్మా?"