ముక్కు మీద ఊదారంగు

ఆ రోజు ప్రసూనకు కావలసింది ఒక్క సంతకం.

కాలేజీ క్యాంటీన్ మజ్జిగలో ఆ పిల్ల చెడ్డ సూక్ష్మజీవిని పట్టుకుంది. ప్లేటులో పెంచితే ఆకుపచ్చగా నిగనిగలాడుతూ చుక్కలు చుక్కలుగా లేచింది. ఇంకేం, ప్రిన్సిపాల్‌గారికి రిపోర్టు రాసేసింది. 'వంటమనిషికి శుభ్రత అంటే ఏమిటో తెలియదు. క్యాంటీన్ మూసెయ్యాలి' అని. కింద మా ల్యాబు పెద్ద ఎస్తేరు మేడం సంతకం పెడితే సాయంత్రానికి నాంచారమ్మ గిన్నెలు సర్దుకోవాల్సిందే. మొగుడు పోయిన పదకొండేళ్ళుగా ఆ మనిషికి ఆ పొయ్యే ఆధారం.

నేను ఆ ల్యాబు అటెండర్ని, మస్తాన్‌ని. ఇరవయ్యారేళ్ళు అక్కడ గాజుసామాను కడిగాను. రోజూ నాంచారమ్మ మజ్జిగే తాగాను. రిపోర్టు సంగతి వినగానే నాకు ఒళ్ళు మండింది. కానీ ప్రసూన బంగారం లాంటి పిల్ల. రీసెర్చికి వచ్చినవాళ్ళలో ఇంత చురుకైనదాన్ని చూడలేదు. పైగా నోరారా బాబాయ్ అని పిలిచేది. ఏమంటాం?

మేడం రిపోర్టు రెండుసార్లు చదివారు.

"శాంపిల్ ఎవరు తీశారు?"

"నేనే మేడం."

"చేతులు?"

"గ్లవ్స్ వేసుకున్నాను కదా మేడం!" అడగడమే తప్పన్నట్టు అంది.

మేడం కోప్పడలేదు. "రేపు మళ్ళీ తీసుకురా. అచ్చం మొన్న తీసినట్టే తియ్యి. సంతకం సంగతి ఆ తర్వాత చూద్దాం."

ప్రసూన మొహం మాడిపోయింది. "నా మీద నమ్మకం లేదా మేడం?"

"ఉంది కాబట్టే నిన్నే పంపిస్తున్నాను."

సంగతి తేలేదాకా శాంపిల్‌కు ఇవ్వడం తప్ప మజ్జిగ ఎవరికీ అమ్మొద్దని నాంచారమ్మకు నన్నే చెప్పమన్నారు. చెప్పాను. తిట్లూ నేనే తిన్నాను.

మర్నాడు పొద్దున ప్రసూన ఇంకా రాకముందే మేడం నాకు సైగ చేశారు. స్లైడుల మీద వేసే ఊదారంగు ఉంటుంది, బట్టకంటిందా, బట్ట చిరగాలే కానీ అది పోదు. ఒక్క చుక్కలో, ఆరిపోకుండా కాస్త గ్లిజరిన్ కలిపి ఇచ్చాను. ఆవిడ దాన్ని ప్రసూన నల్లపెన్నుకు పల్చగా రాసి, మళ్ళీ బల్ల మీద ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశారు.

"పాపం కదండీ?" అన్నాను.

"నువ్వు నోరు మెదపకు మస్తాన్," అన్నారు నవ్వాపుకుంటూ.

ప్రసూన వచ్చింది, గ్లవ్స్ తొడుక్కుంది, సీసా మీద తేదీ రాయడానికి ఎప్పట్లాగే పెన్ను తీసుకుని వెళ్ళింది. అరగంటలో తిరిగొచ్చి శాంపిల్ సీసా మేడం ముందు పెట్టింది. యా అల్లా, ఆ అవతారం! జారే కళ్ళజోడు ఎన్నిసార్లు పైకి తోసుకుందో ఏమో, ముక్కంతా ఊదారంగే. గ్లవ్స్ ఊదా. సీసా మూతి చుట్టూ ఊదా. నేను నవ్వాపుకోలేక సింకు వైపు తిరిగాను.

మేడం హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న అద్దం తీసి ఇచ్చారు. తర్వాత సీసా మూత తీసి వెల్లకిలా పెట్టారు. మూత లోపల కూడా వేలిముద్ర, ఊదారంగులో.

ప్రసూన అద్దం చూసుకుంది. మూత చూసింది. జేబులోంచి పెన్ను తీసి చాలాసేపు చూసింది. ఆ పెన్ను పొద్దస్తమానం మా బల్ల మీద, సూక్ష్మజీవుల్ని పెంచే ఆ ప్లేట్ల మధ్యే పడి ఉంటుంది.

"గ్లవ్స్ వేసుకున్నాను మేడం," అంది. ఈసారి మెల్లగా.

"వేసుకున్నావు తల్లీ. పెన్నుకు ఆ సంగతి తెలియదు."

ప్రసూన లేచింది. "మొహం కడుక్కుని వస్తాను."

"ముందు చేతులు," అన్నారు మేడం.

మూడోసారి పెన్ను ల్యాబులోనే వదిలి వెళ్ళింది. శుద్ధి చేసిన నీళ్ళ సీసా ఒకటి కూడా పట్టుకెళ్ళి, అక్కడ దాన్నీ అలాగే తెరిచి మూసింది, తన చెయ్యి శుభ్రమో కాదో తేలడానికి. రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ప్లేట్లు బయటికి తీస్తే ఎక్కడా ఆ ఆకుపచ్చ చుక్క లేదు. పాత రిపోర్టు నా ఎదుటే చింపింది. కొత్తదాని మీద మేడం సంతకం పెట్టారు.

ముక్కు మీద రంగు మాత్రం పోలేదు. ఆ ముక్కుతోనే క్యాంటీన్‌కు వెళ్ళింది, మజ్జిగ అమ్ముకోవచ్చని చెప్పడానికి. నేనూ వెనకాలే వెళ్ళాను.

నాంచారమ్మ పచ్చిమిరపకాయలు తరుగుతోంది. విషయం వినకముందే గయ్యిమంది. "ఏందమ్మా ఆ ముక్కు! దిష్టిచుక్క అక్కడ పెట్టుకున్నావా ఏంది? ఉండు, నిమ్మచెక్కతో రుద్దుతా."

కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. పంపు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కుంది. వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది.

"కళ్ళ దగ్గర కదా," అంది నాతో. అప్పుడు తీసుకుంది నిమ్మచెక్క.

ప్రసూన ఆ చేతులనే చూస్తూ నిలబడింది. ముక్కు రుద్దుతుంటే కళ్ళ నిండా నీళ్ళు.

"మండుతోందా తల్లీ?"

"లేదు పిన్నీ. రుద్దు."